సెల్స్ తీసేసిన ఇల్లు

రెండువేల పదకొండు, సెప్టెంబరు నెలాఖరు, శుక్రవారం. హాజరు: నేను. సాయంత్రం కాసేపు, ఇంటి ఓనరు గారి భార్య. మెట్ల మీద, సగం దాకా, ఇంటి ఓనరు గారు.

ఆ రోజు డైరీ ఇలా మొదలవుతుంది. నా డైరీలో ప్రతి రోజూ ఇలాగే మొదలవుతుంది. రేడియోలూ టీవీలూ తయారుచేసే ఒక కర్మాగారంలో, స్టోర్సు విభాగంలో పనిచేశాను. వారం వారం జరిగే మీటింగులో ఎవరేమన్నారో రాసిపెట్టడం నా వంతు. ముందు తేదీ, తర్వాత హాజరైనవాళ్ళు, ఆ తర్వాతే విషయం. ఉద్యోగం అయిపోయినా ఆ వరస నన్ను వదల్లేదు. మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ "హాజరు: నేను, ఆవిడ" అని రాసేవాణ్ణి. ఆవిడ చూసి, "ఇంట్లో హాజరు కాకపోతే నేనెక్కడికి పోతాను?" అని నవ్వేది. ఆవిడ పోయాక చాలా పేజీల్లో నేనొక్కణ్ణే హాజరు. అందుకే ఆ శుక్రవారం ముగ్గురి ప్రస్తావన రాస్తున్నప్పుడు కొంచెం గొప్పగా అనిపించింది.

మర్నాడు ఉదయం నేను పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళాలి. మా అక్క అక్కడ ఉంటుంది. బావగారు హార్బరులో పనిచేసి అక్కడే రిటైరయ్యారు, అక్కడే పోయారు. అక్క అక్కడే ఉండిపోయింది. మాకు పిల్లలు లేరు, వాళ్ళకీ లేరు. అక్కకు ఒక కన్ను ఎప్పుడో పోయింది. మిగిలిన కంటికి సోమవారం ఆపరేషను అన్నారు. కట్టు విప్పేదాకా ఆమెకు పూర్తి చీకటి. ఫోనులో ఆమె ఏడవలేదు, రమ్మని బతిమాలలేదు. "వచ్చి పక్కన కూర్చో. నువ్వెటూ మాట్లాడే రకం కాదు కాబట్టి ఒక రేడియో కూడా పట్టుకురా. చీకట్లో తెలుగు మాట వినపడాలి నాకు," అంది.

ఎప్పుడు వెళ్ళినా రైల్లో మద్రాసు పోయి, అక్కణ్ణుంచి ఓడ ఎక్కేవాణ్ణి. ఈసారి ఆ దారి లేదు. ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలై రెండు వారాలు దాటింది. బస్సులు డిపోల్లో ఉన్నాయి, బడులు మూశారు, రైళ్ళు ఏ రోజు ఆగుతాయో ఎవరికీ తెలియదు. దాంతో జీవితంలో మొదటిసారి విమానం టిక్కెట్టు కొన్నాను. టిక్కెట్లమ్మే ఆయన ముందే చెప్పాడు, ఇది తప్పితే మళ్ళీ సీటు వారం తర్వాతేనని. అంటే ఇది తప్పితే అక్క ఒక్కతే ఆపరేషను బల్ల ఎక్కాలి.

మధ్యాహ్నం భోజనం చేసి, మంచం మీద దుప్పటి తీసేసి, ఇంట్లో కరెంటుతోనూ సెల్స్‌తోనూ నడిచే చిన్న వస్తువులన్నీ దాని మీద పేర్చాను. ఏది పెట్టెలోకి, ఏది చేతిసంచిలోకి, ఏది ఇంట్లో ఉండిపోవాలి అని తేల్చడానికి నాకు అన్నీ కళ్ళెదుట ఉండాలి. పెద్ద రేడియో. చిన్న రేడియో. బీపీ మిషను. గడ్డం గీసుకునే మిషను. టార్చిలైటు. రిటైరయిన రోజు ఆఫీసువాళ్ళిచ్చిన కెమెరా. సెల్‌ఫోను, దాని చార్జరు. అలారం గడియారం. గడియారంలో ముల్లు నాలుగు గంటలకు తిప్పి పెట్టాను, రాత్రి మర్చిపోతానేమోనని.

కెమెరా మొదట పక్కకు పెట్టేశాను. కళ్ళు కనపడని మనిషి దగ్గరకు కెమెరా తీసుకెళ్ళడం బాగుండదనిపించింది. బీపీ మిషను చేతిసంచిలోకి. గడ్డం మిషను పెట్టెలోకి. టార్చి ఇంట్లోనే. తేలనిది రేడియోల సంగతి.

చిన్నది దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద కొన్నాను, అరచేతిలో పడుతుంది. ఎఫ్.ఎం. మాత్రమే పలుకుతుంది. ఆ దీవిలో దానికి హిందీ పాటలు తప్ప ఏమీ దొరకవు. పెద్దది మా కర్మాగారంలోనే తయారైన మూడు బ్యాండ్ల సెట్టు, ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నది. తోలు తొడుగుకు కుట్లు రెండుసార్లు వేయించాను. స్టోర్సులో పనిచేసినా ఇంజనీర్ల మాటలు చెవిన పడకుండా ఉండవు కదా. రాత్రివేళ మీడియం వేవ్ సముద్రం మీద చాలా దూరం పోతుంది. గొడవ లేని రాత్రి అక్క ఇంటి వరండాలో కూర్చుని నెమ్మదిగా తిప్పితే, విశాఖపట్నం మాట గరగరలాడుతూనైనా అందుతుంది. ఒకసారి నేనే విన్నాను. కాబట్టి వెళ్ళాల్సింది పెద్దదే. ఒకసారి వెళ్తే అది తిరిగి రాదని కూడా నాకు తెలుసు. చీకట్లో ఆ మాటకు అలవాటు పడిన మనిషి దగ్గర్నుంచి సెట్టు లాక్కుని ఎలా వస్తాను?

అయితే మా ఇంట్లో నాతో మాట్లాడినట్టుండేదీ ఆ సెట్టొక్కటే. అందుకే దాన్ని సంచిలో పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాను.

విమానాల్లో తిరిగిన పాత సహోద్యోగి ఒకాయనకు ఫోను చేశాను. "చేతిసంచిలో విడి సెల్స్ కనిపిస్తే తీసి డబ్బాలో పారేస్తారు గురువుగారూ. రేడియోలో ఉన్నా ఊరుకోరు. సెల్స్ అన్నీ పెట్టెలో వేసెయ్యండి," అన్నాడు. ఇది నాకు ఎంతో ఇష్టమైన మాట. స్టోర్సులో మా మొదటి నియమం అదే: సెల్స్ వేసిన సెట్టును అరలో పెట్టకూడదు. సెల్ చెమ్మగిల్లి కారితే లోపలి రేకులన్నీ పచ్చగా తినేస్తుంది. ఇంట్లోనూ అదే పాటించాను. ఏ ఊరెళ్ళినా, ఎన్నాళ్ళకు వెళ్ళినా, తాళం వేసే ముందు ఇంట్లో ఏ వస్తువులోనూ సెల్ ఉండనివ్వను. గోడ గడియారం కూడా ఆగిపోవాల్సిందే. మా ఆవిడ దాన్ని "ఇంటికి ప్రాణం తీయడం" అనేది.

సాయంత్రం ఆ పనిలో ఉండగా ఓనరు గారి భార్య వచ్చింది. బతుకమ్మ రోజులు. పళ్ళెంలో సత్తుపిండి ముద్దలు పెట్టి తెచ్చింది. వాళ్ళది పోచంపల్లి వైపు నేతవాళ్ళ కుటుంబం. ఆయనకు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల కొట్టుంది. కింద వాళ్ళు, పై వాటాలో నేను. బందరు నుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళుగా ఆ ఇంట్లోనే అద్దెకున్నాను.

"గిదేందన్నా, దుకాణం పెట్టిండ్రా?" అంది మంచం చూసి.

"రేపు ప్రయాణం కదమ్మా. సర్దుతున్నాను."

"గివన్నీ ఇమానంల తీస్కపోతరా?"

"కొన్నే. మిగతావి ఇక్కడే ఉంటాయి."

"ఈడ ఉండేటివాటికి గూడ సెల్స్ తీస్తున్నరేంది? దొంగలొస్తె టీవీ చూస్తరనా?"

రిమోటు నా చేతిలో ఉంది. నవ్వాను. ఆమె ముద్దలు డబ్బాలోకి మార్చి, "అక్కకు గూడ తీస్కపోండ్రి, ఖరాబు గావు," అంది. అప్పుడే ఫోను మోగింది. పొద్దున్నే వస్తానన్న టాక్సీ డ్రైవరు. రింగు రోడ్డు మీద రాళ్ళు పెడతారట, అద్దాలు పగిలితే తన వల్ల కాదట, ఎల్బీనగర్ వైపు రాలేనని రెండుసార్లు "సారీ సార్" చెప్పి పెట్టేశాడు.

నా మొహం చూసి ఆమెకు అర్థమైంది. గుమ్మంలోకి వెళ్ళి కిందికి కేకేసింది. "ఏమయ్యా, జర ఒచ్చిపో! అన్న బండి రాదంట!"

ఆయన మెట్లెక్కి రావడం వినపడింది. సగంలో ఆగిపోయాడు. నేను గుమ్మంలోకి వెళ్తే, ఆయన తల మాత్రమే నాకు కనపడింది.

ఆ సగం మెట్ల సంగతి చెప్పాలి. అంతకు ముందు ఏళ్ళ తరబడి, సాయంత్రం ఏడు కొట్టేసరికి ఆయన కొట్టు కుర్రాళ్ళకు వదిలేసి పైకి వచ్చేవాడు. నా పెద్ద రేడియోలో వార్తలు ఇద్దరం కలిసి వినేవాళ్ళం. టీవీ ఇద్దరిళ్ళలోనూ ఉంది. అయినా వార్తలు రేడియోలో వింటేనే విన్నట్టుండేది. ఆయన నన్ను సారు అనేవాడు, నేను ఆయన్ను సేటు అనేవాణ్ణి. వార్తలయ్యాక మా ఆవిడ టీ ఇచ్చేది. ఆవిడ పోయాక నేనే పెట్టేవాణ్ణి. చక్కెర తక్కువైందని ఆయన రోజూ అనేవాడు.

ఉద్యమం ముదిరాక వార్తలు వేరయ్యాయి. ఏడాది కిందటి మాట. ఒక సాయంత్రం వార్తలు ముగియగానే ఆయన, "ఇన్నరా సారు, మీ వాళ్ళు మల్ల మాట తప్పిండ్రు," అన్నాడు.

"మా వాళ్ళెవరు సేటూ? నాకున్నది ఒక్క అక్క. ఆవిడ అండమాన్‌లో ఉంది," అన్నాను.

మామూలుగానైతే నవ్వేవాడు. ఆ రోజు నవ్వలేదు. ఆ వారమే వాళ్ళ తమ్ముడి కొడుక్కి ఊరేగింపులో లాఠీ దెబ్బలు తగిలాయట, నాకు తెలియదు. "నీకు నవ్వులాటగ ఉంది," అని టీ తాగకుండా లేచి వెళ్ళిపోయాడు. అంతకు ముందు ఎన్నడూ నన్ను నువ్వు అనలేదు. తర్వాత ఏ గొడవా లేదు. ఇల్లు ఖాళీ చెయ్యమనలేదు, కుళాయి నీళ్ళు కట్టేయలేదు, కనిపిస్తే తల ఊపుతాడు. పైకి మాత్రం రాలేదు. నేను టీ గ్లాసులు రెండు కడిగి పెట్టడం కొన్నాళ్ళకు మానేశాను.

ఆ సగం మెట్ల మీద నిలబడే ఆయన అడిగాడు.

"ఇమానం ఎన్నింటికి?"

"ఎనిమిది దాటాక. ఆరుకల్లా అక్కడుండమన్నారు."

"నాలుగున్నరకు తయారుండుండ్రి. చీరల వ్యానున్నది. తెల్లారినంక రోడ్డు మూస్తరు."

"మీకు ఇబ్బందేమో సేటూ."

"ఇబ్బంది ఏముంది. పడుకుండ్రి జల్ది," అని దిగిపోయాడు.

ఆమె కూడా పళ్ళెం తీసుకుని వెళ్ళింది. నేను మిగిలిన పని పూర్తి చేశాను. పెద్ద రేడియో, టార్చి, రిమోటు, గోడ గడియారం, అలారం గడియారం, బీపీ మిషను, చిన్న రేడియో, ఒక్కొక్క దాంట్లోంచి సెల్స్ తీసి, జతలుగా రబ్బరు బ్యాండు వేసి, వార్తాపత్రిక ముక్కల్లో చుట్టి, ఏది దేనిదో చీటీ పెట్టి, చొక్కాల మధ్య సర్దాను. పెట్టె మూత వేసి తాళం తిప్పాను. చేతిసంచిలో రేడియో, దాని పక్కన తువ్వాలు.

అప్పుడు గానీ ఇంట్లో ఎంత నిశ్శబ్దంగా ఉందో తెలియలేదు. గోడ గడియారం టిక్కుమనడం ఏనాడూ విన్నట్టు గుర్తు లేదు. అది ఆగాక మాత్రం ఆ లోటు వినపడింది. వీధిలో ఆడవాళ్ళు బతుకమ్మ ఆడుతున్నారు. చప్పట్లు దూరంగా, ఒక పద్ధతిలో వస్తున్నాయి. కరెంటు పోయింది. ఆ రోజుల్లో కోతలు ఎప్పుడంటే అప్పుడే. ఫోనులో ఉన్న కాస్త చార్జీ పొద్దునకు దాచుకుందామని ఫోను ఆపేశాను.

చీకట్లో కూర్చుని ఉండగా కింద నుంచి ఒక గొంతు వినపడింది. ఆడమనిషి గొంతు, నిదానంగా, ప్రతి అక్షరం విడివిడిగా. నాకు బాగా తెలిసిన గొంతు. ఏడు గంటల వార్తలు. కరెంటు లేదు కాబట్టి టీవీ కాదు. కింద ఒక రేడియో ఉంది. సెల్స్ రేడియో.

ఇన్నాళ్ళూ నాకు తెలియకపోవడానికి కారణం సులువే. అదే సమయానికి నా సెట్టు పైన మోగుతూ ఉండేది. ఆయన వార్తలు వినడం మానేశాడనుకున్నాను. కోపంతో మానేశాడనుకున్నాను, ఏదో ఒక రోజు కోపం పోతుందనుకున్నాను. ఆయన మానలేదు. ఇంకో సెట్టు కొనుక్కున్నాడు. ఒకే వార్తలు, ఒకే నిమిషంలో, ఒకే గొంతులో, ఒక స్లాబుకు పైనా కిందా కూర్చుని ఇద్దరం విడివిడిగా ఏడాదిగా వింటున్నాం.

సత్తుపిండి ముద్ద ఒకటి తిని పడుకున్నాను.

తలుపు మీద దబదబా బాదుతుంటే మెలకువ వచ్చింది.

"సారు! ఓ సారు! బతికున్నరా?"

లేచి తలుపు తీశాను. ఓనరు గారు గుమ్మంలో ఉన్నాడు. సగం మెట్లమీద కాదు, గుమ్మంలోనే. చేతిలో టార్చి. వెనక, మెట్ల కింద, ఆయన భార్య గొంతు, "లేసిండా?" అని.

"లేసిండు, లేసిండు!" అని కిందికి అరిచి, నా వైపు తిరిగాడు. "మీ గడియారం మోగలే. అది మోగితేనే మా ఇంట్ల పొయ్యి ముట్టిస్తరు సారు. ఇన్నేండ్లల్ల మీరు ఇంట్లున్ననాడు ఒక్కసారి తప్పలే. ఇయ్యాల నాకే మెలకువొచ్చి చూస్తె పైన సప్పుడే లేదు. గుండె ఆగినంత పనైంది."

నా అలారం రోజూ కింద వినపడుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. బల్ల మీది గడియారం తీసి చూశాను. సాయంత్రం ఎప్పుడు ఆగిందో అక్కడే ఉంది. అలారం ముల్లు మాత్రం బుద్ధిగా నాలుగు మీద. ఆయన దాన్ని నా చేతిలోంచి తీసుకుని ఊపి, వెనక మూత తీసి టార్చి వేశాడు.

"సెల్స్ ఏవి?"

"పెట్టెలో."

"అలారం పెట్టుకొని సెల్స్ తీసిండ్రా?"

ఆయన నవ్వాడు. ఏడాది తర్వాత ఆ నవ్వు. ఇంకొకప్పుడైతే నేనూ నవ్వి ఉండేవాణ్ణి. నాకు ఆ నిమిషంలో అక్క ఆపరేషను బల్ల మీద ఒక్కతే కనిపించి, చొక్కా బొత్తాలు ఒకదానికొకటి తప్పి పెట్టుకున్నాను.

వ్యానులో వెనక సీట్లు లేవు. చీరల మూటలు, గంజి వాసన. కొట్టు మూతబడి ఎన్నాళ్ళయిందో, మూటల మీద దుమ్ము. పెట్టె వెనక పెట్టి, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని ఆయన పక్కన కూర్చున్నాను. కర్మన్‌ఘాట్ దాటి బాలాపూర్ మీదుగా పోదామన్నాడు. అటు గొడవ తక్కువట. నిజానికి తెలతెలవారుతుండగానే బాలాపూర్ ఇవతల రోడ్డుకడ్డంగా ఒక బండరాళ్ళ వరస, పక్కన టెంటు, నిన్న మధ్యాహ్నం రోడ్డు మీదే వండుకున్న వంటావార్పు తాలూకు పెద్ద గిన్నెలు బోర్లించి ఉన్నాయి. నలుగురైదుగురు మగవాళ్ళు దుప్పట్లు కప్పుకునే లేచి వచ్చారు.

ఓనరు గారు బండి ఆపుతూ, నా వైపు చూడకుండా మెల్లగా అన్నాడు. "మీరు నోరు తెరవకుండ్రి సారు."

ముప్ఫై ఏళ్ళలో నా మాట మారలేదు. బందరు వదిలినా బందరు మాట వదల్లేదు. అది ఎప్పుడూ దాచుకోవాల్సిన వస్తువు అనుకోలేదు. తల ఊపాను.

"ఎవలది బండి? ఏడికి?"

"నాదే తమ్మీ. దిల్‌సుఖ్‌నగర్ల చీరల దుకాణం. ఈయన మా పెద్దన్న. ఎయిర్‌పోర్టుల దింపి ఒస్త. అక్కకు కండ్ల ఆపరేషనున్నది."

"అక్క ఏడుంటది?"

"అండమాన్ల."

"అండమాన్లనా? ఆడ జైలుంటది గద?"

"జైల్ల కాదు బిడ్డా, బయట్నే ఉంటది."

ఒకతను నవ్వాడు. ఇంకొకతను కిటికీలోంచి నా ఒళ్ళోకి వేలు చూపించాడు. "సంచిల ఏముంది తాతా?"

నేను సంచి తెరిచి తువ్వాలు తీశాను. తోలు తొడుగు చూసి అతని మొహం విప్పారింది. "రేడియోరా! మా తాతకుండె గిట్లాంటిది. పెట్టు తాతా, వార్తలిందాం, సమ్మె గురించి ఏమంటున్నరో."

నేను ఆయన వైపు చూశాను.

"సెల్స్ లేవు దాంట్ల," అన్నాడు ఓనరు గారు.

"తాత మాట్లాడడా?"

"చెవుడు."

"చెవిటాయనకు రేడియో ఎందుకే?"

"అక్కకురా నాయినా, అక్కకు! ఆమెకు కండ్లు కనబడవు, ఈయనకు చెవులినబడవు. పోనియ్యిండ్రి, ఇమానం పోతది!"

ఈసారి అందరూ నవ్వారు. రెండు రాళ్ళు పక్కకు దొర్లించారు. మొదట అడిగినతను నా భుజం మీద తట్టి, చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా అరిచాడు. "పైలంగ పోయిరా తాతా!" వినపడనట్టు మొహం పెట్టి దణ్ణం పెట్టాను.

పహాడీషరీఫ్ గుట్ట కనపడ్డాక నేనే అన్నాను.

"నాకు చెవుడు తెప్పించారు సేటూ."

"ఏం జేయాలె సారు. నోరు తెరిస్తె మీ బందరు బయటపడ్తది."

"నిన్న వార్తలు విన్నాను. కింద నుంచి."

ఆయన గేరు మార్చాడు. అవసరం లేకపోయినా మార్చాడనిపించింది. "కొన్న," అన్నాడు. "పైకొస్తె వార్తలొక్కటే ఇనం గద సారు. మాటలొస్తయి. మాటలొస్తె మల్ల..." చెయ్యి గాల్లో ఊపాడు. "అందుకే కొన్న."

"మంచి సెట్టేనా?"

"ఏం మంచిది. గరగర. మీ దానంత లేదు."

విమానాశ్రయం గేటు దగ్గర పెట్టె దించి, ఆయనే తోపుడుబండి తెచ్చి ఎక్కించాడు. తొందరలో ఉన్నాడు. ఆలస్యమైతే తిరుగుదారిలో రాళ్ళు మళ్ళీ కదలవని ఇద్దరికీ తెలుసు. కదలబోయి ఆగి, సంచి వైపు చూపించాడు.

"ఒచ్చేటప్పుడు తెస్తరా గది?"

"లేదు. అక్కకిచ్చేసి వస్తాను."

"ఓహో," అన్నాడు. ఇంకేదో అంటాడేమోనని నిలబడ్డాను. నా చొక్కా చూసి, "బొత్తాలు తప్పు పెట్టుకున్నరు," అని వ్యానెక్కి వెళ్ళిపోయాడు.

లోపల తనిఖీ దగ్గర ఒక జవాను రేడియోను బయటికి తీసి, అటూ ఇటూ తిప్పి, వెనక మూత తెరిచాడు. ఖాళీ అర చూశాడు. మూత వేసి ఇచ్చేశాడు. నా పద్ధతి పనికొచ్చిన చోటు అదొక్కటే. చెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేరు.

విమానంలో నా సీటు రెక్క దగ్గర. తలుపు ఇంకా మూయలేదు. చుట్టూ అందరూ ఫోన్లలో ఒకే మాట చెబుతున్నారు, తెలుగులో, హిందీలో, తమిళంలో. ఎక్కాను. ఎక్కేశాం. కూర్చున్నాం. ఇలా చెప్పడం ఒక ఆచారమని అప్పుడే తెలిసింది. నేనూ ఫోను తెరిచాను. అక్క ఈ పాటికి స్నానంలో ఉంటుంది, ఫోను తీయదు. చెన్నైలో దిగాక చేయవచ్చు. కాసేపాలోచించి ఓనరు గారి నంబరు నొక్కాను.

ఆయన భార్య తీసింది.

"ఎక్కానమ్మా. ఆయన వచ్చారా?"

"ఇంక రాలేదన్నా. ఫోను గీడనే మర్శిపోయిండు. బాలాపూర్ కాడ ఏదో లొల్లయితుందని పక్కింటోళ్ళు అంటున్నరు. మీరు పోయేటప్పుడు మంచిగనే ఉండెనా?"

"బాగానే ఉందమ్మా. నవ్వుతూనే దారిచ్చారు."

"అట్లనా," అంది. ఆమె గొంతులో ధైర్యం రాలేదు. వెనక రేడియో గరగరలాడుతూ వినపడింది. పొద్దుటి వార్తలు కాబోలు.

"ఆయన రాగానే నాకొక్క ఫోను చేయించమ్మా," అన్నాను. అంటుండగానే విమానంలోని అమ్మాయి నా సీటు పక్కన నిలబడి, ఫోను ఆపమని చేత్తో చూపించింది. ఆమె వంక చూసి, ఫోను వంక చూశాను. అవతల ఓనరు గారి భార్య "సరే అన్నా, సరే" అంటోంది.

ఫోను ఆపాను. ఏ వస్తువు ఆపినా తర్వాత చెయ్యాల్సిన పని వేళ్ళకు తెలుసు. బొటనవేలు వెనక మూత మీదికి పోయింది. మూత సగం జరిగింది కూడా. చెన్నైలో దిగగానే ఆయన కబురు రావాల్సిన ఫోను అది, మళ్ళీ నొక్కి పెట్టేశాను. బ్యాటరీ తీయలేదు.